గ్రామ కార్యాలయపు కంప్యూటరును మన లెక్కలకు అనువుగా దిద్దుకొనుట

కొత్త నాగలి కొన్న రైతు దానిని అట్లే పొలమునకు తోలడు. తన ఎత్తునకు మేడి సరిపోవునా అని చూచును. ఎడ్ల ఎత్తునుబట్టి కాడిని సర్దుకొనును. కర్రు బిగించి, ఒక సాలు దున్ని, లోతు చూచి మరల దిద్దుకొనును. కంప్యూటరు విషయములో మాత్రము మనము ఈ జాగ్రత్త చూపుట లేదు. దుకాణము మనిషి పెట్టెలోనుండి తీసి ఎట్లు అమర్చి పోయెనో అట్లే ఏండ్ల తరబడి వాడుచున్నాము. ఆ అమరిక చాలసార్లు అమెరికా దేశపు వాడుకకు తగినది. అక్కడ తేదీ వ్రాయు పద్ధతి వేరు, వేలు లక్షలు విడదీయు పద్ధతి వేరు, గుంట అను కొలత అక్కడ లేనే లేదు.

కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలలోను, ఆదిలాబాదు వైపు నాలుగు జిల్లాలలోను నేడు పంచాయతి కార్యాలయములందు, సహకార సంఘములందు, 2020లో కట్టిన రైతు వేదికలందు కంప్యూటర్లు వాడుకలో నున్నవి. చదువుకొన్న రైతుల ఇండ్లలోను ల్యాప్‌టాపులు కనబడుచున్నవి. వీనిలో వ్రాయబడునవి కథలు కావు. ఎవరి భూమి ఎంత, ఏ సర్వే నంబరు, ఏ బ్యాంకు ఖాతా అను సంగతులు. వీనిలో ఒక్క అంకె తప్పినను నష్టపోవునది రైతే. కావున యంత్రమును మన పనికి తగినట్లు దిద్దుకొను పద్ధతులను కొన్నింటిని ఇక్కడ వివరించుచున్నాము. ఇందులకు ఇంజనీరు అక్కరలేదు. పది తరగతులు చదివినవారు ఒక పూట కూర్చున్నచో చాలును.

స్థలము, కరెంటు

ఈ సంగతి క్లుప్తముగా చెప్పి ముందునకు పోయెదము. యంత్రమునకు వేడి, దుమ్ము, హెచ్చుతగ్గుల కరెంటు శత్రువులు. రామగుండము, ఆదిలాబాదు ప్రాంతపు వేసవి ఎట్టిదో మీకు చెప్ప నక్కరలేదు. పెట్టెను గోడకు ఆనించి పెట్టక, వెనుక జానెడు ఖాళీ విడువవలెను. వడ్ల కొనుగోలు కేంద్రములో తూర్పార పట్టు యంత్రము నడుచునప్పుడు లేచు దుమ్ము, నూగు నేరుగా కంప్యూటరు పంకాలోనికి పోవును. అట్టి చోట కంప్యూటరును గాలికి ఎదురు దిక్కున, వీలైన మరియొక గదిలో ఉంచవలెను. నెలకొకసారి కరెంటు తీసివేసి, మెత్తని కుంచెతో పంకా రంధ్రములను దులుపవలెను. తడిగుడ్డ పనికిరాదు.

గోడ ప్లగ్గునకు ఎర్తు సరిగా ఉన్నదో లేదో ఎలక్ట్రీషియనుచేత చూపించవలెను. బల్లమీద పెట్టు కంప్యూటరైనచో యు.పి.ఎస్. తప్పనిసరి. అది పని సాగించుటకు కాదు, వ్రాసినది భద్రపరచి యంత్రమును సక్రమముగా ఆపుటకు. లేజరు ప్రింటరును మాత్రము ఆ చిన్న యు.పి.ఎస్.కు తగిలించరాదు. కాగితముపై పొడిసిరాను కరగించుటకు ఆ ప్రింటరు ఒక్కసారిగా హెచ్చు కరెంటు లాగును. యు.పి.ఎస్. తట్టుకొనలేక రెంటిని ఆర్పివేయును. ఉరుములు మెరుపులున్నప్పుడు ప్లగ్గు తీసివేయుట మేలు. ఇంటర్నెట్టు తీగ కూడ తీయవలెనని చాలమంది మరచుచుందురు.

మొదట దిద్దవలసినది తేదీ

విండోసు యంత్రములో సెట్టింగ్స్ తెరచి, టైమ్ అండ్ లాంగ్వేజ్ అను చోటికి పోయి, లాంగ్వేజ్ అండ్ రీజియన్ అను పుటలో రీజినల్ ఫార్మాట్ ఏమున్నదో చూడుడు. అక్కడ ఇంగ్లీషు (యునైటెడ్ స్టేట్స్) అని యున్నచో వెంటనే ఇంగ్లీషు (ఇండియా) అని మార్చవలెను. ఈ ఒక్క మార్పుతో రెండు పనులగును. తేదీలో ముందు రోజు, తరువాత నెల, చివర సంవత్సరము వచ్చును. అంకెలకు కామాలు వేలు, లక్షలు, కోట్ల లెక్కన పడును.

ఇది చిన్న సంగతి వలె తోచవచ్చును. కాని చూడుడు. ఒక రైతు జూన్ 5వ తేదీన పత్తి విత్తెను. పుస్తకములో 5/6/2025 అని యున్నది. అమెరికా పద్ధతిలో నున్న యంత్రము దానిని మే నెల 6వ తేదీగా గ్రహించును. తెరమీద 5/6/2025 అనియే కనబడుచుండును గనుక వ్రాసినవానికి అనుమానము రాదు. పంట ఎన్ని రోజులదని యంత్రమును లెక్క అడిగినచో ముప్పది దినములు హెచ్చుగా చూపును. మరునాడు విత్తిన తేదీ 25/6/2025 అని వ్రాసినచో ఇంకొక చిక్కు. ఇరువది యైదవ నెల లేదు గనుక యంత్రము దానిని తేదీగా అంగీకరింపక వట్టి మాటగా ఉంచుకొనును. తేదీల వరుసలో పేర్చుమన్నప్పుడు అటువంటివి అన్నియు ఒక మూలకు పోయి చేరును. ఒకే పట్టికలో సగము తేదీలు తప్పు, సగము తేదీలు తేదీలే కావు.

సర్వే నంబరు తేదీగా మారుట

దీనిని కొంచెము నిదానముగా చదువవలెనని కోరుచున్నాము. గ్రామ లెక్కలలో జరుగు తప్పులలో ఇంత నిశ్శబ్దముగా జరుగునది మరొకటి లేదు.

ఎక్సెల్ పట్టికలో ఒక గడిలో సర్వే నంబరు 12/3 అని వ్రాసి ఎంటరు మీట నొక్కుడు. గడిలో 12-మార్చి అని ఇంగ్లీషులో కనబడును. మనము వ్రాసినది పన్నెండవ సర్వే నంబరులోని మూడవ భాగము. యంత్రమునకు సర్వే నంబరనగా తెలియదు. మధ్య గీత యున్న రెండు చిన్న అంకెలను చూచి ఇది తేదీ యని అది నిర్ణయించుకొన్నది. అమెరికా అమరిక యున్న యంత్రమైనచో అదే 12/3 డిసెంబరు 3 అగును.

అప్పుడు చాలమంది చేయు పని యేమనగా, ఆ గడి రూపమును తేదీనుండి టెక్స్ట్ అని మార్చుదురు. మార్చగానే ఐదంకెల సంఖ్య యొకటి ప్రత్యక్షమగును. 2025వ సంవత్సరములో వ్రాసినచో 12/3 స్థానములో 45728 వచ్చును. 1900 సంవత్సరము మొదలు ఎక్సెల్ దినములను లెక్కించుకొను సంఖ్య యది. మన సర్వే నంబరు అప్పటికే పోయినది. అది తిరిగి రాదు, మరల వ్రాయవలసినదే.

ఇందులో అపాయము ఇంకొకటి ఉన్నది. అన్ని సర్వే నంబర్లు ఇట్లు చెడవు. 245/2 అని వ్రాసినచో అట్టి తేదీ లేదు గనుక అట్లే నిలుచును. 12/అ అని వ్రాసినను నిలుచును. చిన్న నంబర్లు, చిన్న భాగములు మాత్రమే మారిపోవును. మూడువందల వరుసల పట్టికలో పదునైదు వరుసలు చెడి, మిగిలినవి చక్కగా ఉన్నప్పుడు పైపైన చూచువారికి తప్పు కనబడదు. ఆ పదునైదుగురు రైతుల పేర్లు తరువాత ఏ జాబితాలోను జతపడవు. వారు కార్యాలయము చుట్టు తిరుగుదురు, ఎందుకో ఎవరికిని తెలియదు.

దీనికి విరుగుడు సులభము, కాని వ్రాయుటకు ముందే చేయవలెను. సర్వే నంబర్లు వ్రాయు నిలువు వరుసను పైనున్న అక్షరముపై నొక్కి మొత్తముగా ఎన్నుకొని, హోమ్ అను పట్టీలో నంబర్ అను చోట జనరల్ అని యున్నదానిని టెక్స్ట్ అని మార్చవలెను. ఆ పిమ్మట ఏమి వ్రాసినను వ్రాసినది వ్రాసినట్లే ఉండును. ఒకటి రెండు గడులకే ఐనచో నంబరునకు ముందు ఒంటి కొటేషన్ గుర్తు పెట్టినను చాలును. ఆ గుర్తు అచ్చులో రాదు. ఉచితముగా దొరకు లిబ్రే ఆఫీసు పట్టికలోను ఇదే పద్ధతి పనిచేయును.

వర్డులో వ్రాయువారికి ఇదే జాతి చిక్కు ఇంకొకటి ఉన్నది. సర్వే నంబరు 1/2 అని వ్రాసి ఖాళీ మీట నొక్కగానే అది అర అను గుర్తుగా మారిపోవును. దరఖాస్తులో సర్వే నంబరు ఒకటిలో రెండవ భాగమని ఉండవలసిన చోట సర్వే నంబరు ‘అర’ అని పడును. మారిన వెంటనే కంట్రోల్, జెడ్ మీటలను కలిపి నొక్కినచో వెనుకకు వచ్చును. శాశ్వతముగా మాన్పించుటకు ఫైల్, ఆప్షన్స్, ప్రూఫింగ్, ఆటోకరెక్ట్ ఆప్షన్స్ అను వరుసలో పోయి, ఆటోఫార్మాట్ యాజ్ యూ టైప్ అను పుటలో భిన్నములను గూర్చిన గడిలోని టిక్కు తీసివేయవలెను.

ఇది మన పల్లె గుమాస్తాలకు మాత్రమే వచ్చిన కష్టము కాదు. మానవ శరీరములోని జన్యువులకు శాస్త్రజ్ఞులు పెట్టిన పొట్టి పేర్లలో ‘మార్చ్ 1’, ‘సెప్ట్ 1’ వంటివి ఉండెను. ఎక్సెల్ వానిని మార్చి నెల, సెప్టెంబరు నెల అని తలచి తేదీలుగా మార్చుచుండుటచే పరిశోధనా పత్రములలో తప్పులు పేరుకొనెను. చివరకు 2020లో జన్యువులకు పేర్లు పెట్టు అంతర్జాతీయ సంఘమువారు ఆ పేర్లనే ‘మార్చ్ ఎఫ్ 1’, ‘సెప్టిన్ 1’ అని మార్చుకొనిరి. శాస్త్రజ్ఞులు పేరు మార్చుకొనగలరు. మనము సర్వే నంబరు మార్చుకొనుటకు వీలులేదు గదా!

ఖాతా నంబరు, ఆధారు నంబరు

2018 మే 10వ తేదీన హుజూరాబాదు మండలములోని శాలపల్లి - ఇందిరానగర్ వద్ద రైతుబంధు పథకము ప్రారంభమైనప్పుడు రైతులకు చెక్కులు చేతికిచ్చిరి. చెక్కు మీద పేరు తప్పైనచో రైతు అక్కడికక్కడే చూచి చెప్పుటకు వీలుండెను. తరువాత సొమ్ము నేరుగా బ్యాంకు ఖాతాలో పడు పద్ధతి వచ్చినది. నేటి రైతు భరోసా కూడ అట్లే. ఇప్పుడు రైతుకు, సొమ్మునకు నడుమ నున్నది ఒక అంకెల వరుస మాత్రమే.

ఎక్సెల్ ఏ సంఖ్యలోనైనను పదునైదు అంకెలను మాత్రమే గుర్తుంచుకొనును. కొన్ని బ్యాంకుల ఖాతా నంబర్లకు పదునారు అంకెలు గలవు. అట్టి నంబరు వ్రాసినప్పుడు చివరి అంకె ఏదైనను దానిని సున్న చేసివేయును. హెచ్చరిక యేదియు ఇయ్యదు. ఖాతా నంబరునకు ముందు సున్నలున్నచో, వానికి విలువ లేదని వానిని తొలగించును. ఆధారు నంబరునకు పండ్రెండు అంకెలే గనుక అది నష్టపోదు గాని, గడిలో 1.23 వంటి దశాంశము, ఒక ఇంగ్లీషు ‘ఇ’ అక్షరము, కూడిక గుర్తు, 11 అని వింతగా కనబడును. ఆ స్థితిలోనే ఫైలును సి.ఎస్.వి. రూపమున భద్రపరచి పై కార్యాలయమునకు పంపినచో తెరమీద కనబడిన ఆ వింతయే పోవును, అసలు నంబరు పోదు.

విరుగుడు పైన చెప్పినదే. ఖాతా, ఆధారు, ఫోను నంబర్ల నిలువు వరుసలన్నింటిని మొదటనే టెక్స్ట్ చేయవలెను. కూడుటకు, హెచ్చించుటకు పనికిరాని అంకె ఏదైనను టెక్స్ట్‌గానే ఉండవలెనని గుర్తుంచుకొన్నచో చాలును. ఖాతా నంబర్లను ఎవరును కూడరు గదా. 2023 తరువాతి ఎక్సెల్‌లో ఫైల్, ఆప్షన్స్, డేటా అను చోట ఆటోమేటిక్ డేటా కన్వర్షన్ అను అమరికలు చేర్చిరి. ముందున్న సున్నలు, పొడవైన అంకెలు చెడకుండ వానిని అక్కడ ఆపుకొనవచ్చును. ఐనను దానినే నమ్ముకొనరాదు. మీ ఫైలు మరియొకరి పాత యంత్రములో తెరువబడవచ్చును.

పై కార్యాలయమునుండి వచ్చిన సి.ఎస్.వి. ఫైలును రెండుసార్లు నొక్కి తెరచుట కూడ తప్పే. తెరచుటలోనే పైన చెప్పిన మార్పులన్నియు జరిగిపోవును. ఖాళీ ఎక్సెల్ తెరచి, డేటా అను పట్టీలో ఫ్రమ్ టెక్స్ట్ అనుదాని ద్వారా దానిని తెచ్చుకొని, నంబర్ల వరుసలను టెక్స్ట్ అని చూపి దింపుకొనవలెను.

గుంటల లెక్క

ఎకరమునకు నలువది గుంటలు. ఇది పసిపిల్లవానికి కూడ తెలిసినదే. కంప్యూటరునకు మాత్రము తెలియదు. పహాణీలో రెండెకరముల ఇరువది గుంటలను 2.20 అని వ్రాయు ఆచారము మనకున్నది. మనము చుక్కను చూచి ఎడమ ఎకరములు, కుడి గుంటలు అని చదువుకొందుము. యంత్రము దానిని దశాంశమని తలచును.

ఒక రైతునకు మూడు చెలకలున్నవనుకొనుడు. ఒకటి రెండెకరముల ఇరువది గుంటలు, రెండవది ఎకరము ముప్పది గుంటలు, మూడవది ముప్పదియైదు గుంటలు. వీనిని 2.20, 1.30, 0.35 అని వ్రాసి కూడుమన్నచో యంత్రము 3.85 అని చెప్పును. అసలు లెక్క చూడుడు. గుంటలు కూడగా ఎనుబదియైదు. అందులో ఎనుబది గుంటలు రెండెకరములు, మిగిలినవి ఐదు గుంటలు. ఎకరములు మూడు, పైవి రెండు. మొత్తము ఐదెకరముల ఐదు గుంటలు. ఎకరమునకు ఆరువేల రూపాయల చొప్పున కట్టినచో ఈ రైతునకు 30,750 రూపాయలు రావలెను. 3.85ను ఆరువేలతో హెచ్చించిన 23,100 మాత్రమే వచ్చును. తేడా 7,650 రూపాయలు. పెట్టుబడి సాయము, ఎరువుల బస్తాలు, విత్తనపు మోతాదు, వేటికైనను ఇదే తప్పు లెక్క పాకును.

ఇంకొక తిరకాసు. 2.20 అని వ్రాసి ఎంటరు నొక్కగానే చివరి సున్నకు విలువ లేదని యంత్రము దానిని 2.2 అని చూపును. తరువాత చదువువారు దానిని రెండెకరముల రెండు గుంటలు అనుకొనిన పదునెనిమిది గుంటలు మాయమైనట్లే. రెండెకరముల రెండు గుంటలను 2.02 అని వ్రాయవలెనని తెలిసినవారు, తెలియనివారు ఒకే పట్టికలో వ్రాసినప్పుడు ఏది ఏదో దేవునికే ఎరుక.

కావున ఎకరములకు ఒక నిలువు వరుస, గుంటలకు ఒక నిలువు వరుస విడివిడిగా పెట్టవలెను. ఎకరములు ఏ వరుసలోను, గుంటలు బి వరుసలోను వ్రాసినారనుకొనుడు. సి వరుసలో, ఎకరములను నలువదితో హెచ్చించి గుంటలను కలుపు సూత్రము వ్రాయవలెను. అనగా సమాన గుర్తు, ఏ2, నక్షత్రము, 40, కూడిక గుర్తు, బి2 (అక్షరములు ఇంగ్లీషులో). ఇప్పుడు సి వరుసలో అన్ని కమతములు గుంటలలోనికి మారినవి. వీనిని నిర్భయముగా కూడవచ్చును. మొత్తమును తిరిగి ఎకరములుగా చూపుటకు, దానిని నలువదితో భాగించి పూర్ణాంకమును మాత్రము తీసికొను ఐ-ఎన్-టి అను సూత్రమును, శేషమును ఇచ్చు ఎమ్-ఓ-డి అను సూత్రమును వాడవలెను. మొదటిది ఎకరములు, రెండవది గుంటలు. పై ఉదాహరణములో మొత్తము 205 గుంటలు. నలువదితో భాగించగా ఐదు, శేషము ఐదు. రూపాయల లెక్క కట్టునప్పుడు సి వరుసలోని సంఖ్యను నలువదితో భాగించి ధరతో హెచ్చించవలెను.

గుంటల వరుసలో ఎవరైనను పొరపాటున 45 అని వ్రాయకుండ కూడ కట్టడి చేయవచ్చును. ఆ వరుసను ఎన్నుకొని డేటా వ్యాలిడేషన్ అనుదానిలో సున్ననుండి నలువదికి లోపల సంఖ్యలు మాత్రమే అని పెట్టినచో నలువది, అంతకు పైబడిన అంకెను యంత్రమే తిరస్కరించును. ఒకసారి ఇట్లు తయారుచేసిన ఖాళీ పట్టికను వేరుగా దాచి, ప్రతి వానాకాలమునకు, ప్రతి యాసంగికి దాని నకలు తీసి వాడుకొనవలెను.

తెలుగు వ్రాత

డి.టి.పి. దుకాణములలో ఏండ్లుగా వాడుచున్న అను ఫాంట్ల వంటి పాత పద్ధతిలో తెలుగు అక్షరపు ముక్కలను ఇంగ్లీషు అక్షరముల స్థానములందు కూర్చుదురు. అచ్చు అందముగా వచ్చును. కాని ఆ ఫాంటు లేని యంత్రములో ఆ ఫైలు తెరచినచో తెలుగునకు బదులు అర్థములేని ఇంగ్లీషు అక్షరములు, గుర్తులు కనబడును. అందులో ఒక రైతు పేరు వెదకుమన్న దొరకదు. పెండ్లి పత్రికకు ఆ పద్ధతి చాలును గాని గ్రామ లెక్కలకు పనికిరాదు.

యూనికోడు అను ప్రపంచ పద్ధతిలో ప్రతి తెలుగు అక్షరమునకు స్వంత సంఖ్య యున్నది. 1991లో వెలువడిన మొదటి కూర్పు నుండియే అందులో తెలుగునకు చోటు కలదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పిలో గౌతమి అను తెలుగు ఫాంటు యంత్రముతోనే వచ్చెను. యూనికోడులో వ్రాసినది ఏ యంత్రములోనైనను, సెల్‌ఫోనులోనైనను తెలుగుగనే కనబడును. కావున కొత్తగా వ్రాయునదంతయు యూనికోడులోనే వ్రాయవలెను.

లాంగ్వేజ్ అండ్ రీజియన్ పుటలోనే యాడ్ ఎ లాంగ్వేజ్ నొక్కి తెలుగు చేర్చుకొనవచ్చును. ఆ పైన విండోసు మీటను, ఖాళీ మీటను కలిపి నొక్కినప్పుడెల్ల ఇంగ్లీషు నుండి తెలుగునకు, తెలుగు నుండి ఇంగ్లీషునకు మారును. కీబోర్డు పద్ధతులు రెండు. ఒకటి ఫొనెటిక్. ఇంగ్లీషులో పలుకుబడి వ్రాసిన తెలుగు వచ్చును. 2019 నుండి విండోసులో ఇది చేర్చబడినది. ఇంగ్లీషు టైపు వచ్చినవారికి నాడే పని మొదలగును. రెండవది ఇన్‌స్క్రిప్ట్. 1986లో కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్సు శాఖవారు భారతీయ భాషలన్నింటికి కలిపి రూపొందించినది. ఇందులో అచ్చులు, గుణింతములు ఎడమచేతి వైపు, హల్లులు కుడిచేతి వైపు ఉండును. ఇంగ్లీషు జె, డబ్ల్యు, ఎల్, జి మీటలను వరుసగా నొక్కిన ‘రైతు’ అని వచ్చును. ‘ర’ జె మీట, ‘ఐ’త్వము డబ్ల్యు మీట, ‘త’ ఎల్ మీట, కొమ్ము జి మీట. ఒత్తునకు డి మీట నొక్కి తరువాత హల్లు నొక్కవలెను. పంచాయతి కార్యదర్శులు, విస్తరణాధికారులు, దినమంతయు వ్రాయవలసినవారు ఇన్‌స్క్రిప్టే నేర్చుకొనవలెనని మా అభిప్రాయము. మొదటి పదిహేను దినములు విసుగుపుట్టును. తరువాత ప్రతి అక్షరమునకు ఒకే మీట గనుక తప్పులు తగ్గును. ఫొనెటిక్‌లో యంత్రము సూచించిన పేరును చూడక అంగీకరించుటవలన ‘మల్లయ్య’ ‘మాలయ్య’ అగుట కలదు.

అంకెలను మాత్రము 1, 2, 3 అనియే వ్రాయవలెను. తెలుగు అంకెలలో వ్రాసినచో పట్టిక వానిని మాటలుగా భావించి కూడకపోవచ్చును.

ఇదే పుటలో ఉర్దూ కూడ చేర్చుకొనవచ్చును. నిజాము కాలపు సేత్వారు వంటి పాత దస్తావేజులు ఉర్దూలో నున్నవి గనుక వాని పేర్లను ఉర్దూలోనే వ్రాసి పెట్టుకొనుట కొన్ని గ్రామములలో మేలగును. ఆదిలాబాదు వైపు పాఠకులకు ఇంకొక సంతోషవార్త. నార్నూర్ మండలములోని గుంజాల గ్రామమున దొరకిన ప్రతులలోని గోండి లిపి 2018లో యూనికోడులో చేరినది. గుంజాల గోండి లిపికి నోటో వరుసలో ఉచితమైన ఫాంటు ఉన్నది. దానిని విడిగా దింపుకొని యంత్రములో చేర్చుకొన్నచో ఆ అక్షరములు తెరమీద కనబడును.

కంటికి, జేబునకు

నలువది దాటినవారు చిన్న అక్షరములతో కుస్తీ పట్ట నక్కరలేదు. సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే అను చోట స్కేలును 125 గాని 150 గాని చేసిన అక్షరములన్నియు పెద్దవగును. ఒక్క చోట మాత్రము పెద్దగా చూడవలెనన్న విండోసు మీటను, కూడిక గుర్తును కలిపి నొక్కవలెను.

సెల్‌ఫోను నుండి ఇంటర్నెట్టు పట్టువారు ఆ కనెక్షనును మీటర్డ్ అని గుర్తించి పెట్టవలెను. లేనియెడల విండోసు తన పెద్ద పెద్ద మార్పులను దింపుకొని ఒక్క రాత్రిలో ఫోనులోని డేటా అంతయు ఖర్చు చేయును. ఐతే వారమునకొకసారి ఎక్కడైనను వై-ఫై దొరకినప్పుడు ఆ మార్పులను దింపుకొననీయవలెను. రక్షణకు సంబంధించినవి అందులోనే వచ్చును.

ఈ సందర్భమున ఒక ముఖ్యాంశము. విండోస్ 10కు సాధారణ రక్షణ మార్పులు 2025 అక్టోబరు 14తో ఆగిపోయినవి. అనేక పాత యంత్రములు విండోస్ 11ను భరించలేవు. అంతమాత్రముచేత వానిని తుక్కుకు వేయ నక్కరలేదు. లినక్స్ ఉచితము. సి-డ్యాక్ వారి బాస్ లినక్స్ భారతీయ భాషలకొరకే రూపొందినది. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవారు తెలుగులో లినక్స్ తయారుచేసినారు. వ్రాత, పట్టికలు, ఇంటర్నెట్టు, ఈ మూడింటికి లినక్స్ చక్కగా చాలును. ప్రింటరు పనిచేయునా లేదా అని మాత్రము ముందుగా చూచుకొని మారవలెను.

పదిమంది వాడు యంత్రము

రైతు వేదికలోను, పంచాయతిలోను ఒకే కంప్యూటరు మీద అనేకులు కూర్చుందురు. ఎవరికి వారికి వేరు వేరు యూజర్ అకౌంటు, వేరు పాస్‌వర్డు పెట్టవలెను. కుర్చీ విడిచి లేచునప్పుడు విండోసు మీటను, ఎల్ మీటను కలిపి నొక్కిన తెర మూతపడును. ఇది తలుపు గొళ్లెము వంటిది, అలవాటు కావలెను. బ్రౌజరు ‘పాస్‌వర్డు దాచమందువా?’ అని అడిగినప్పుడు ఉమ్మడి యంత్రములో వద్దనియే చెప్పవలెను.

భూముల వివరములకు 2020 అక్టోబరులో ధరణి వచ్చినది, 2025 ఏప్రిల్ 14న దాని స్థానములో భూభారతి వచ్చినది. పోర్టలు మారినప్పుడెల్ల మన చేతిలో ఒక నకలు ఉండుట అవసరమని రైతులకు అనుభవమే. తెరమీద మీ భూమి వివరము కనబడినప్పుడు ప్రింట్ నొక్కి, ప్రింటరునకు బదులు సేవ్ యాజ్ పి.డి.ఎఫ్. ఎన్నుకొన్నచో కాగితము ఖర్చులేక నకలు దొరకును. దాని పేరు పెట్టునప్పుడు ముందు సంవత్సరము, తరువాత నెల, తరువాత రోజు, ఆపైన గ్రామము, సర్వే నంబరు వ్రాయవలెను. అప్పుడు ఫైళ్లన్నియు తేదీ వరుసలో తమంతట తామే నిలుచును. ఫైలు పేరులో అడ్డగీత చెల్లదు గనుక 12/3 బదులు 12-3 అని వ్రాయవలెను.

పాత కాగితములను గూడ ఇట్లే దాచుకొనవలెను. 1954-55 నాటి ఖాస్రా పహాణీ నకళ్లు కొందరి ఇండ్లలో ఇప్పటికిని ఉన్నవి. భూమి తగాదాలలో వానికి విలువ యున్నది. చెదలు పట్టకముందే వానిని స్కానరులో అంగుళమునకు 300 చుక్కల చొప్పున, రంగులో స్కాను చేయించవలెను. రంగులో ఎందుకనగా, మాసిన సిరా, ముద్ర, కాగితపు పసుపు వేరువేరుగా కనబడును. ఆ ఫైళ్లను ఒక పెన్‌డ్రైవులోనికి ఎక్కించి, కంప్యూటరు ఉన్న ఇంటిలో కాక మరియొక చోట, అన్నదమ్ముల ఇంటిలోనో అత్తవారింటిలోనో ఉంచవలెను. ఆరు నెలలకొకసారి, వానాకాలము, యాసంగి పనులు మొదలగుటకు ముందు, ఆ పెన్‌డ్రైవును తెచ్చి తగిలించి ఫైళ్లు తెరచుకొనుచున్నవో లేదో చూచి, కొత్తవి చేర్చి పంపవలెను. అసలు కాగితమును మాత్రము పారవేయరాదు.